ఇత్తడి తీగ చుట్టిన చేప దవడ

మా మనవరాలు నా కథ అడిగింది. నేను మా అప్ప కథ చెప్పాను. జరిగింది ఇంతే. కానీ ఇంత చెప్పి ఊరుకుంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, అందుకని మొదటినుంచీ వస్తాను.

మా వైపు అక్కను అప్ప అంటాం. ఈ అప్ప నా తోడబుట్టినది కాదు, నా తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. నాకంటే ఆరేళ్లు పెద్ద. పొందూరు పక్కన ఈ ఊరికి నేను కాపురానికి వచ్చిన నాటినుంచి ఇద్దరం ఒకే వసారాలో కూర్చుని నూలు వడికాం. తర్వాత ఇళ్లు రెండయ్యాయి, మధ్యలో గోడ లేచింది, వసారా మాత్రం ఒకటిగానే ఉండిపోయింది. మా ఆయన పోయి ఏడేళ్లు. ఆయనతో జీవితమంతా మాట్లాడిన మాటలు కూడినా, అప్పతో ఒక్క వానాకాలంలో మాట్లాడినన్ని ఉండవు.

మా పని తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. సన్నఖాదీకి నూలు తీయాలంటే ముందు పత్తిని దువ్వాలి. దువ్వడానికి మేము వాలుగ చేప దవడ ఎముక వాడతాం. దాని పళ్లు చిన్నవి, ఒత్తుగా ఉంటాయి. నలుసంతా పోయి పోగులన్నీ ఒకవైపుకు తిరుగుతాయి. ఇనుముతో దువ్వితే పోగు తెగుతుంది. ఆ చేప మా దగ్గర దొరకదు, గోదావరి వైపునుంచి ఎవరో ఒకరు దవడ తెచ్చిపెట్టాలి. ఒకటి దొరికితే ఏళ్ల తరబడి వస్తుంది, చేతి రాపిడికి పాత దంతంలా నున్నబడుతుంది. ఎవరిది వాళ్లదే. తల దువ్వెనైనా ఇంకొకరికి ఇస్తాం గానీ దవడ ఇవ్వం. వసారాలో పది దవడలు కుప్పపోసినా ఏది ఎవరిదో కళ్లు మూసుకుని తీస్తాం. అప్ప దవడ ఒక చివర విరిగి ఇత్తడి తీగ చుట్టి ఉంటుంది. ఆ తీగ సంగతి తర్వాత వస్తుంది.

మా అమ్మాయి కూతురు డిగ్రీ చదువుకోవడానికి మా ఇంటికి వచ్చింది. వాళ్ల నాన్నది ఊరూరా తిరిగే ఉద్యోగం. చేరిన వారానికే మొహం వేలాడేసుకుని బస్సు దిగింది.

“అర్థశాస్త్రం పెద్ద సబ్జెక్టు అమ్మమ్మా. దాంతోపాటు ఇంకోటి చిన్నది తీసుకోవాలంట. మైనర్ అంటారు. కంప్యూటర్లు అడిగితే సీట్లు అయిపోయినాయి. మహిళా అధ్యయనం ఇచ్చినారు.”

“అంటే ఏటి?” అన్నాను.

“ఆడోళ్ల గురించి సదవడం.”

పక్కన మంచం మీద పడుకున్న మా బావ, అప్ప భర్త, లేచి కూర్చుని మరీ నవ్వాడు. “ఆడోళ్ల గురించి సదవడానికి బస్సెక్కి ఎల్లాలేటి? మీ మేడమ్ని మా ఇంటికి ఒచ్చి కూకోమను. నాకు తెలిసిందంతా సెప్తాను.”

అప్ప దువ్వుతున్న పత్తిలోంచి తలెత్తలేదు. “నలభై ఏళ్లుగా నీకు వండుతన్నాను. నాకు ఏ కూర పడదో సెప్పు సూద్దాం.”

బావ కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పాపం. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని టీ కొట్టు వైపు వెళ్లిపోయాడు. మేము ముగ్గురం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

ఆ ఏడాది సాయంత్రాలన్నీ ఒకటే తీరు. పిల్ల బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, టీ గ్లాసుతో వసారాలో చేరేది. దానికి పైకి చదవడం అలవాటు. భూమి పట్టాలు ఎవరి పేరున ఉంటాయి, పొలంలో నాటేది ఎవరు, అమ్మేది ఎవరు, ఏ చట్టం ఎందుకు వచ్చింది, ఇవన్నీ మా రాట్నాల మధ్య కూర్చుని చదివేది. నేను ఐదో తరగతి దాకా చదివాను, తెలుగు రాయగలను. అప్ప బడి గుమ్మం ఎక్కలేదు. అయినా నాకు అందనిది ఆమెకు అందేది. “ఒలే, ఆ ముక్క ఇంకోపాలి సదువు,” అనేది. ఒకసారి, “ఆ పుస్తకంలో మనం ఉన్నామేటి?” అని అడిగింది. “పేర్లుండవు పెద్దమ్మమ్మా, మనలాటోళ్లు ఉంటారు,” అంది పిల్ల.

ఒకరోజు వాళ్ల మేడమ్ గళ్ల కాగితం ఇచ్చి పంపింది. ఇంట్లో ఎవరు ఏ గంటకు ఏ పని చేస్తారో నింపాలట. పిల్ల బావను అడిగింది, పెద్దమ్మమ్మ పగలంతా ఏం చేస్తుందని. “ఏటి సేస్తాది? ఇంటికాడ ఉంటాది,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మంచానికి మూరెడు దూరంలో అప్ప రాట్నం తిరుగుతోంది. నన్నడిగితే నేనూ అదే అన్నాను, ఖాళీయే కదా, కూర్చుని వడుకుతుంటామని. పిల్ల మాటలు పట్టించుకోకుండా కళ్లతో చూసిందే రాసింది. రాసి చదివితే అప్ప వరసలో ఒక్క గడి ఖాళీ లేదు.

“దీన్ని మీ మేడమ్ సూస్తాదా?” అంది అప్ప.

“సూసి మార్కులేస్తాది.”

“పని నాది, మార్కులు నీకా?” అని అప్ప పిల్ల బుగ్గ గిల్లింది. మా ముగ్గురిలో ఆ చదువు నిజంగా చదివినది అప్పే అని నాకు అప్పుడే తెలుసు.

రెండో ఏడాది పెద్ద పని ఇచ్చారు. ఇంట్లో పెద్దావిడ చేత ఆమె జీవితం చెప్పించి, ఫోన్‌లో పట్టి, రాసి తేవాలి. ఆ రోజు అప్ప వడికిన నూలు చిలపలుగా చుట్టి ఖాదీ సంఘంలో ఇవ్వడానికి పొందూరు వెళ్లింది. పిల్ల ఫోన్ నా ముందు పీట మీద పెట్టి, “చెప్పు అమ్మమ్మా, నీ గురించి,” అంది.

చెప్పాను. పుట్టాను, బడి మాన్పించారు, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, మా ఆయన పోయాడు, వడుకుతున్నాను. చెప్పి చూసుకుంటే టీ ఇంకా వేడిగానే ఉంది.

“అంతేనా?” అంది పిల్ల.

ఆ అంతేనా నాకు గుచ్చుకుంది. కథ చెప్పడంలో ఈ వీధిలో నాకు పేరుంది. పెళ్లిపందిట్లో వంటలవుతుంటే ఆడవాళ్లు నా చుట్టూ చేరతారు. ఎవరి పురుడు ఏ వానలో వచ్చిందో, ఎవరి ఎద్దు ఎవరి చేలో పడిందో నన్నే అడుగుతారు. అలాంటిదాన్ని నా వంతు వచ్చేసరికి వట్టి చేతులతో కూర్చున్నాను. ఫోన్ మీద ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది.

“ఒక సంగతి సెప్తాను. ఎవరిదని మాత్రం అడక్కు,” అన్నాను.

ముప్పై ఏళ్లు దాటిన మాట. అప్ప కొడుకు రెండేళ్లవాడు. ఆ వానాకాలం బావ మంచం జరుపుతుంటే కోడు అప్ప దవడ మీద పడి, ఒక చివర చిట్లింది. ఆయన చూసుకోలేదు. కొత్తది తెప్పించమని అప్ప అడిగింది. “సూద్దాం” అన్నాడు బావ. “పాతదానికి ఏటయినాది?” అన్నాడు మా మామ. రెండు నెలలు, మూడు నెలలు. విరిగిన పళ్లు పత్తిని పట్టి లాగేవి, నూలు ముతకబడింది. సంఘంలో నూలు చూసి తీసుకునే ఆయన, “ఏటమ్మా, నీ సెయ్యి పడిపోయినాది,” అన్నాడు అందరి ముందూ. మా అందరిలోకీ సన్నంగా వడికే మనిషి ఆ మాట పడి ఇంటికొచ్చింది. ఎక్కడిదో ఇత్తడి తీగ సంపాదించి తానే చుట్టుకుంది.

కార్తీకమాసం, సోమవారం. ఇంటిల్లిపాదీ కోతలకు పోయారు. అప్ప చేసంచీ భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చింది. “గుంటడికి ఒళ్లు ఎచ్చగున్నాది. ముఖలింగం ఎల్లి మొక్కుకొస్తాను. నువ్వు సూసుకో.” వెళ్లింది.

దీపాలవేళకు పెరటి తలుపులోంచి వచ్చింది. పిల్లవాడు నా ఒళ్లో ఉన్నాడు. వాణ్ని తీసుకోలేదు. గోడకు ఆనుకుని కూలబడింది.

“నాను ముఖలింగం ఎల్లనేదే. గజపతినగరం ఎల్లినాను.”

అక్కడ ఆమె చిన్ననాటి నేస్తం ఉండేదట. తలుపు తాళం వేసి ఉంది, ఆ మనిషి ఎప్పుడో వేరే ఊరు పోయింది. సంత జరిగే పాకల కింద మధ్యాహ్నం దాకా కూర్చుంది. సంచిలో ఒక చీర, ఈ దవడ. “ఇదుంటే ఎక్కడైనా బతుకుతాననుకున్నాను,” అంది.

“ఎవులేటన్నారప్పా?”

“ఎవులూ ఏటీ అననేదు. అదేనే. ఎవులూ ఏటీ అననేదు.”

“మరెందుకు తిరిగొచ్చినావు?”

“తెల్దు. బస్సొచ్చింది, ఎక్కినాను.”

కళ్లాల నుంచి అత్తామామలు వచ్చే వేళయింది. ముఖలింగం శివుడి దగ్గరికి వెళ్లినదాని చేతిలో విభూతి లేకపోతే ఎలా? ఎవరో తెచ్చిచ్చిన పొట్లం నా గూట్లో ఉంటే అదిచ్చాను. బడి దొడ్లో మారేడు చెట్టు ఉంది, పరుగెత్తి దళం కోసుకొచ్చాను. మరీ తాజాగా ఉందని అరచేతిలో నలిపి వాడేలా చేశాను. అప్ప పిల్లవాడి నుదుట విభూతి పెట్టింది. తెల్లారేసరికి జ్వరం లేదు. మా అత్త వీధి వీధికీ చెప్పుకుంది, నా కోడలు ఒంటరిగా వెళ్లి బిడ్డ ప్రాణం తెచ్చుకుందని.

అప్పటినుంచి ఏటా కార్తీక సోమవారం ముఖలింగం వెళ్లడం ఇంటి ఆచారమైపోయింది. ఆ పిల్లవాడు పెరిగి వ్యాన్ తోలుతున్నాడు, రాజమండ్రి దాకా లోడు వేస్తాడు. ఏటా తన వ్యాన్‌లోనే అందరినీ తీసుకెళ్తాడు. వంశధారలో మునిగి, తడిబట్టలతో తల్లి పాదాలు తాకి, ఆ తర్వాతే గుళ్లోకి వెళ్తాడు. “మా అమ్మ ఇచ్చిన పేనమిది,” అని కొత్తవాళ్లకు కూడా చెబుతాడు. ఆ రేవులో అప్పా నేనూ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఇదంతా ఫోన్‌కి చెప్పాను. నిజం చెప్పొద్దూ, బాగా చెప్పాను. ముఖలింగం మాటకే ఎవరిదో పిల్లకు తెలిసిపోయింది, కళ్లు తుడుచుకుంది. నాకు సంతోషమేసింది.

తర్వాత పిల్ల దాన్ని కాలేజీ గోడకు పెట్టే అట్ట మీద రాసి, బొమ్మ వేసి చూపించింది. “పేర్లు మార్చేసినాను అమ్మమ్మా. ఊరు మార్చేసినాను. ముఖలింగం కూడా తీసేసి గుడి అని రాసినాను. ఎవులూ పోల్చనేరు.” బొమ్మలో చేప దవడ ఉంది, చివర పసుపురంగు తీగ. నేను కళ్లజోడు పెట్టుకుని చూసి ఏమన్నానో తెలుసా? “బాగా వేసినావు. తీగ ఇంకో రెండు చుట్లుండాల,” అన్నాను. దిద్దించాను. పిల్లకు తెలియదు, దానికి మనిషంటే పేరు. మాకు మనిషంటే దవడే అని తెలిసినదాన్ని నేను. నాకు తట్టలేదు.

మార్చిలో మహిళా దినం వచ్చింది. వడకడం చూపించమని మా వీధినుంచి ఆరుగురిని కాలేజీకి పిలిచారు. అందరికంటే ముందు తయారైనది అప్పే. కొడుకు కొన్న ఆకుపచ్చ చీర కట్టింది. ఆటోలో పిల్లను అడుగుతూనే ఉంది. “మన కాయితం సూసిన మేడమ్ ఈవిడేనా? నన్ను సూపిస్తావా?”

పెద్ద గది. గోడల నిండా అట్టలు. శాలువాలు కప్పారు, మిఠాయి పొట్లాలిచ్చారు. అప్పను మధ్యలో చాప మీద కూర్చోబెడితే ఒళ్లో పత్తి పెట్టుకుని దువ్వడం మొదలెట్టింది. మా మనవరాలు మేడమ్ కోసం బయటికి వెళ్లింది. అక్కడున్న ఇంకో పిల్ల, మంచిపిల్లే, మావాళ్లకు చదువు రాదని గ్రహించి, “నేను చదివి వినిపిస్తాను మామ్మా,” అంటూ గోడ మీది అట్టలు వరసగా చదువుకుంటూ వచ్చింది. ఆ అట్ట దగ్గరికి వచ్చింది. నేను లేవబోయాను.

“ఒలప్పా, ఇది నీ దవడ కాదేటి?” అంది మా వీధామె, సంబరంగా. “తీగతో సహా దించేసినారు!”

అందరూ నవ్వి అప్ప చేతివైపు చూశారు. బొమ్మలోది, చేతిలోది ఒకటే. ఆ పిల్ల చదువుతూనే ఉంది. ‘ఆ రోజు ఆమె గుడికి వెళ్లలేదు. జ్వరంతో ఉన్న బిడ్డను తోడికోడలికి అప్పగించి, ఇల్లు వదిలి బస్సెక్కింది...’ నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. అప్ప మాత్రం ఆగలేదు. పత్తి అయిపోయేదాకా దువ్వింది. అయ్యాక దవడను గుడ్డలో చుట్టి రొంటిన దోపుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మా మనవరాలు గుమ్మంలో మేడమ్‌తో నిలబడి ఉంది. అప్పను చూపించలేదు.

మూడో రోజుకల్లా అప్ప కొడుకు చెవిన పడింది. వసారాలోకి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

“పిన్నీ, ఆ రోజు నన్ను ఎత్తుకున్నది నువ్వేనా?”

“నానేరా.”

“అమ్మ ముఖలింగం ఎల్లిందా నేదా?”

“ఎల్లింది బాబూ. ఆ గుంటలు ఏదో కల్పించి—”

“అబద్దమాడకే,” అంది లోపలినుంచి అప్ప. బయటికి వచ్చింది. “ఓపాలి నాకోసం ఆడినావు. సాలు.” కొడుకువైపు తిరిగింది. “ఎల్లనేదురా. గజపతినగరం ఎల్లినాను.”

“నాకు జొరమొచ్చిన రోజేనా?”

“ఆ రోజే.”

వాడు ఇంకేదో అడుగుతాడని ఆమె అలాగే నిలబడి ఉంది. వాడు అడగలేదు. చెప్పులేసుకుని వ్యాన్ తీసుకుని వెళ్లిపోయాడు. మంచం మీద బావ లేచి కూర్చున్నాడు. “గజపతినగరంలో మనకెవులున్నారు?” అన్నాడు. అంతకుమించి ఇప్పటికీ అడగలేదు.

మర్నాడు అప్ప రాట్నం ఇంట్లోకి తీసుకుపోయింది. వసారా సగం ఖాళీ అయిపోయింది. నాతో మాట మానేసింది.

మేడమ్ ఆ అట్ట తీయించేసింది. పిల్ల రెండు రోజులు తిండి తినలేదు, ఆ మైనర్ వదిలేస్తానంది, వదలడానికి వీలుందో లేదో కూడా కనుక్కోకుండా. చివరికి అప్ప దగ్గరికి వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుంది. గోడ ఇవతలినుంచి నేను విన్నాను.

“మానేస్తే నాకేటొస్తాది? సదువు. నువ్వు గుంటవి, నీకు తెల్దు. తెలిసినది నీకు తీగ సుట్లు లెక్కెట్టి సెప్పినాది.”

ఆ చుట్ల సంగతి పిల్లే చెప్పి ఉంటుంది. చెప్పనీ.

కార్తీకం వచ్చింది. మొదటి సోమవారం పోయింది, రెండోది పోయింది, వ్యాన్ కదల్లేదు. మూడో సోమవారం కొడుకు రాజమండ్రి లోడుకు పోయాడు. తిరిగొచ్చి కాగితంలో చుట్టినదేదో తల్లి రాట్నం పక్కన పెట్టి, స్నానానికి వెళ్లాడు. కొత్త దవడ. ముప్పై ఏళ్ల కిందట ఆ ఇంట్లో ఎవరూ తేనిది. ఆ సంగతి నాకు అప్ప కోడలు చెప్పింది. అప్ప దాన్ని విప్పి చూసిందట, పళ్ల మీద వేలితో ఒకసారి రాసిందట, మళ్లీ అదే కాగితంలో చుట్టి గూట్లో పెట్టేసిందట. ఇప్పటికీ అక్కడే ఉంది. పాతదానితోనే దువ్వుతోంది. తల్లీకొడుకులు మాట్లాడుకుంటారు, కూర ఉందా, లోడు ఎప్పుడు, అంతవరకు. పాదాలు తాకడం మాత్రం లేదు.

పిల్ల ఇప్పుడు మూడో ఏడాదిలో ఉంది. ఎవరి గురించి రాసినా ముందు వాళ్లను అడిగి వేలిముద్రో సంతకమో తీసుకోవాలని ఇప్పుడు వాళ్లకు పాఠం ఉందట. ఇది రాయాలని నాకు అనిపించినప్పుడు, నేను వెళ్లే మొహం లేక దాన్నే పంపాను. తిరిగొచ్చి గడపలో కూర్చుంది.

“ఏటంది?”

“అప్పుడడగాల, అంది.”

“ఇంకేటంది?”

“రాసుకోమను, వీధందరికీ తెలిసిందే కదా, అంది. ఈపాలి దాని సొంత కథ రాయమను, అంది.”

అందుకని రాశాను. ఫోన్ ముందు టీ చల్లారకముందే అయిపోయిన నా కథలో, ఇది చేరింది.

ఇప్పుడు పిల్ల పాఠాలు గదిలో తలుపేసుకుని మనసులోనే చదువుకుంటుంది. నేను వసారాలో ఒక్కదాన్నే దువ్వుకుంటాను. గోడవతల అప్ప రాట్నం వినబడుతుంటుంది. చలికి నాకు దగ్గు తెర వస్తే ఆ చప్పుడు ఆగుతుంది. నేను గొంతు సవరించుకుని, పిలుస్తుందేమోనని చూస్తాను. రాట్నం మళ్లీ తిరుగుతుంది.